రోబో వాక్యూమ్ ఆర్డర్ పెట్టింది మీరు.. దాన్ని శుభ్రం చేసేది ఎవరు?

రోబో వాక్యూమ్ కొందామనుకునేవాళ్లు నన్ను మొదట అడిగేది ఒక్కటే.. "సక్షన్ ఎంత?" అని. 2016లో షావోమీ తెచ్చిన మొదటి రోబో సక్షన్ 1,800 పాస్కల్స్. ఇప్పుడు 20,000 దాటిన మోడల్స్ కూడా ఉన్నాయి. నంబర్ బాగా పెరిగింది, కాదనను. కానీ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయి, బ్రష్‌కి జుట్టు చుట్టుకుపోయి ఉంటే ఆ 20,000 డబ్బా మీదే ఉంటుంది. మీ హాల్లో ఉండదు.

అందుకే నేను తిరిగి ఇంకో ప్రశ్న అడుగుతాను. మీ ఇంట్లో ఆ రోబోని శుభ్రం చేసేది ఎవరు?

చాలా ఇళ్లలో దీనికి నిజమైన జవాబు "అమ్మ". హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగం చేసే కొడుకో కూతురో సేల్‌లో ఆర్డర్ పెడతారు. "అమ్మా, ఇక నువ్వు నడుం వంచి ఊడవక్కర్లేదు" అంటారు. పండక్కి వచ్చినప్పుడు యాప్ సెట్ చేసి, ఇల్లంతా మ్యాప్ చేయించి, తిరిగి బస్సెక్కేస్తారు. ఆ తర్వాత బ్రష్‌లో ఇరుక్కున్న జుట్టు తీసేది, మురికి నీళ్లు పారబోసేది, సోఫా కింద ఇరుక్కుని ఇంగ్లిష్‌లో ఎర్రర్ చెబుతుంటే వంగి బయటికి లాగేది ఎవరు? ఆవిడే. చీపురు పని తగ్గింది, దాని బదులు ఎవరూ నేర్పించని కొత్త పని ఒకటి వచ్చి పడింది.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఈ గ్యాడ్జెట్‌కి మెయింటెనెన్స్ అనేది ఎక్స్‌ట్రా పని కాదు, ప్రొడక్ట్‌లో సగం అదే. ఎవరు ఆర్డర్ పెట్టారో ఆ పని బాధ్యత కూడా వాళ్లదే. వారానికి ఓ 15 నిమిషాలు కేటాయించేవాళ్లు ఇంట్లో ఎవరూ లేకపోతే కొనకపోవడమే మంచిది. మిక్సీలో చట్నీ చేశాక జార్ కడక్కుండా వారం పాటు వదిలేస్తామా? మరి రోజూ నేల మీద మురికి లాగే మెషీన్‌ని మాత్రం ఆటోమేటిక్ కదా అని ఎందుకు వదిలేస్తాం?

ముందు స్విచ్, తర్వాతే చెయ్యి

రోబోని తిరగేసే ముందు పవర్ బటన్ నొక్కి పూర్తిగా ఆఫ్ చేయాలి. పాజ్ చేస్తే సరిపోదు. ఇది ఫోన్‌తో ఎక్కడి నుంచైనా నడిచే మెషీన్. మీరు ఆఫీసులో కూర్చుని యాప్‌లో స్టార్ట్ నొక్కే టైమ్‌కి ఇంట్లో అమ్మ వేళ్లు బ్రష్ దగ్గర ఉండొచ్చు. ఉదయం పదింటికి మీరే పెట్టిన షెడ్యూల్ కూడా అప్పుడే మొదలవ్వచ్చు. కాబట్టి ఇంట్లోవాళ్లకి మొదట నేర్పాల్సింది యాప్ కాదు, మెషీన్ మీదున్న ఆఫ్ బటన్.

డాక్ తుడిచేటప్పుడు ప్లగ్ తీసేయాలి. డస్ట్ లాగే మోటార్, నీళ్ల పంపు ఉన్న పెద్ద స్టేషన్ అయితే ఇది ఇంకా ముఖ్యం. అది నేరుగా ఇంటి కరెంట్‌తో నడుస్తుంది, పక్కనే నీళ్లు ఉంటాయి. తడి చేత్తో, తడి గుడ్డతో ఛార్జింగ్ పిన్నుల జోలికి వెళ్లొద్దు. పొడి గుడ్డ చాలు.

జడలున్న ఇల్లు, బ్రష్ కష్టాలు

పొడుగు జుట్టు, దానికి కొబ్బరి నూనె. మన ఇళ్లలో మెయిన్ బ్రష్‌కి అసలు పరీక్ష ఇదే. నూనె జుట్టుకి దుమ్ము అంటుకుని బ్రష్ చుట్టూ తాడులా బిగుసుకుంటుంది. పైకి కనిపించే జుట్టు తీసేసి పని అయిపోయిందనుకుంటారు చాలామంది. అసలు జుట్టు దాక్కునేది బ్రష్ రెండు చివర్లలో ఉండే క్యాపుల కింద. అక్కడ బిగుసుకుంటే బ్రష్ తిరగడానికి మోటార్ కష్టపడుతుంది, ఆ రాపిడికి వేడెక్కి ప్లాస్టిక్ కూడా పాడవుతుంది. చాలా మోడల్స్‌లో ఆ క్యాపులు చేత్తో లాగితే వచ్చేస్తాయి. వారానికోసారి తీసి చూడండి.

రోబోతో వచ్చిన చిన్న కటింగ్ టూల్ ఉంటే దాన్నే వాడండి. కత్తెర వాడితే బ్రష్‌ని రోబో నుంచి బయటికి తీసి, బల్ల మీద పెట్టి కోయండి. అరచేతిలో పట్టుకుని బ్లేడ్‌తో గీకడం మాత్రం వద్దు.

ముందుండే చిన్న చక్రాన్ని కూడా మర్చిపోవద్దు. దాని ఇరుసుకి జుట్టు చుట్టుకుంటే అది తిరగడం మానేసి ఈడ్చుకుంటూ పోతుంది. నేల మీద గీతలు పడుతున్నాయంటే ముందు చూడాల్సింది దీన్నే. వంకర తిరిగిన సైడ్ బ్రష్ కుచ్చుల్ని కాసేపు గోరువెచ్చని నీళ్లలో ముంచి తీస్తే చాలావరకు సర్దుకుంటాయి.

ఇంకో మాట. డస్ట్ బిన్ ఖాళీ చేసే ముందు ఒకసారి పేపర్ మీద పోసి చూడండి. చెవి కమ్మల శీలలు ఎక్కువగా దొరికేది అక్కడే. డస్ట్ తానే లాగేసుకునే స్టేషన్ అయితే శీల పోయిందని తెలిసిన వెంటనే రన్ ఆపేయండి. లేదంటే బంగారం బ్యాగ్‌లోకి, బ్యాగ్ మున్సిపాలిటీ బండిలోకి పోతుంది.

ఫిల్టర్ కడగొచ్చా?

అన్ని ఫిల్టర్లనీ కడగకూడదు. ఈ మాట మాన్యువల్‌లో ఉంటుంది, కానీ మాన్యువల్ తెరిచేదెవరు? "వాషబుల్" అని ఉంటేనే చల్లటి నీళ్లలో కడగాలి. సబ్బు, బ్రష్, వేడి నీళ్లు ఏవీ వద్దు. కడిగాక 24 గంటలైనా ఆరబెట్టాలి. వానాకాలంలో ఇంకా ఎక్కువ టైమ్ పట్టొచ్చు. తడి ఫిల్టర్ పెట్టి రన్ చేస్తే దుమ్ము బురదలా అతుక్కుని గాలి ఆగిపోతుంది, తేమ మోటార్ దాకా వెళ్తుంది, ఇల్లంతా ముక్క వాసన. అందుకే మా ఇంట్లో రెండు ఫిల్టర్లు ఉంటాయి. ఒకటి ఆరుతుంటే ఇంకోటి పనిలో ఉంటుంది. వాషబుల్ కాకపోతే డస్ట్ బిన్ అంచుకి మెల్లగా తట్టి దులపడమే. ఆస్తమా ఉన్నవాళ్లు ఈ పని చేయకూడదు. చేసేవాళ్లు మాస్క్ పెట్టుకుని, బయట చేస్తే మంచిది.

ట్యాంకులో ఫినాయిల్ పోయొద్దు

మాపింగ్ రోబో రాగానే ఇంట్లోవాళ్లు అడిగేది, "ఇందులో ఫినాయిల్ వేయొచ్చా?" అనే. వేయొద్దు. కంపెనీ చెప్పిన క్లీనర్ తప్ప వేరేది పోస్తే సన్నటి పైపులు, పంపు, రబ్బరు సీళ్లు దెబ్బతింటాయి. నురగ ఎక్కువొచ్చేవి ఇంకా చేటు. బోరు నీళ్లతో మరో సమస్య. గీజర్ కాయిల్ మీద ఉప్పు పేరుకున్నట్టే ఇందులోనూ పేరుకుంటుంది. మీ ఏరియాలో నీళ్లు బాగా ఉప్పగా ఉంటే ఫిల్టర్ చేసిన నీళ్లు పోయడం మేలు.

"మాది ఆటో స్టేషన్, మాప్ కూడా అదే కడుక్కుంటుంది" అనేవాళ్లకి ఒక మాట. ఆ మురికి ఎక్కడికీ మాయం కాలేదు. నేల మీద నుంచి స్టేషన్‌లోని మురికి నీళ్ల ట్యాంకులోకి మారింది, అంతే. మూత పెట్టిన ట్యాంకులో ఆ నీళ్లు రెండు రోజులుంటే వాసన ఎలా ఉంటుందో ఒకసారి మూత తీస్తే తెలుస్తుంది. రన్ అయిన రోజే పారబోయాలి. మాప్ ఆనే ట్రేని వారానికోసారి కడగాలి. ఆ ట్రే కడిగేటప్పుడు బాత్రూమ్‌లో ఉన్న యాసిడ్ క్లీనర్, బ్లీచ్ రెండూ కలిపి వాడే ప్రయత్నం అస్సలు చేయొద్దు. అవి కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, అది ప్రమాదం.

పూజ గది దగ్గర నో గో జోన్

విదేశీ రివ్యూల్లో ఈ పాయింట్ కనిపించదు. కింద పడిన కుంకుమ మీదుగా మాపింగ్ రోబో వెళ్లిందంటే తెల్ల మార్బుల్ మీద ఎర్రటి చారలే. బియ్యప్పిండి ముగ్గు, విభూతి, అగరబత్తి బూడిద లాంటి మెత్తటి పొడులు ఫిల్టర్‌ని త్వరగా మూసేస్తాయి. వీటన్నిటికంటే ముఖ్యం నిప్పు. నేల మీద దీపం వెలుగుతున్నప్పుడు రోబో తిరగకూడదు, నిప్పు ఆరని కర్పూరం, అగరబత్తి నుసిని అది లాగకూడదు. యాప్‌లో పూజ గది చుట్టూ నో గో జోన్ గీయడానికి ఒక్క నిమిషం చాలు. ఈ పని మీరే చేయాలి, అమ్మ చేస్తుందని వదిలేయొద్దు.

యాప్‌లో 100 శాతం అంటే శుభ్రంగా ఉందని కాదు

రోబోరాక్ యాప్‌లో మెయింటెనెన్స్ పేజీ ఉంటుంది. అందులో సెన్సర్లు తుడవడానికి 30 గంటలు, ఫిల్టర్‌కి 150, సైడ్ బ్రష్‌కి 200, మెయిన్ బ్రష్‌కి 300 గంటలు అని లెక్క కనిపిస్తుంది. రోజుకి గంట రన్ అయితే సెన్సర్లు నెలకోసారి తుడవాలి, ఫిల్టర్ ఐదు నెలలకి మార్చాలన్నమాట. ఈ పేజీ ఉపయోగమే. కానీ అది లెక్కపెట్టేది గంటల్ని, దుమ్ముని కాదు. రోడ్డు పక్కన, కన్‌స్ట్రక్షన్ పక్కన ఉన్న ఇంట్లో ఫిల్టర్ అంతకాలం ఆగదు. పైగా ఏమీ తుడవకుండా రీసెట్ నొక్కినా అది మళ్లీ 100 శాతం చూపిస్తుంది. యాప్‌ని గుర్తు చేయడానికే వాడండి, నమ్మాల్సింది మాత్రం మీ కళ్లని.

రోబో ఊరికే వెనక్కి వెళ్తోంది, ఉన్నచోటే తిరుగుతోంది అంటే సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేసే ముందు కింద ఉండే క్లిఫ్ సెన్సర్లు తుడవండి. వాటి మీద దుమ్ము పడితే ముందు మెట్లున్నాయని భ్రమపడుతుంది. మెత్తటి పొడి గుడ్డ చాలు, స్ప్రేలు కొట్టొద్దు. పైన ఉండే లైడార్ గుండ్రటి భాగానికి కూడా ఇదే రూల్.

బ్యాటరీతో ప్రయోగాలు వద్దు

లోపల ఉండేది ఫోన్‌లో ఉన్నలాంటి లిథియం అయాన్ బ్యాటరీయే, సైజు పెద్దది. ఉబ్బినా, కాలిన వాసన వచ్చినా, రోబో విపరీతంగా వేడెక్కినా ఛార్జింగ్ ఆపేసి సర్వీస్ వాళ్లకి చూపించాలి. పేరులేని చవక బ్యాటరీ వేసి నడిపించే ప్రయత్నం వద్దు. నెలల తరబడి ఊరెళ్తుంటే నీళ్ల ట్యాంకులు ఖాళీ చేసి ఆరబెట్టి, రోబోని ఛార్జ్ చేసి, ఆఫ్ చేసి, డాక్ ప్లగ్ తీసి వెళ్లండి. పాత బ్యాటరీ చెత్తబుట్టలో వేయకూడదు. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం దాన్ని ఇంటి చెత్తలో కలపకుండా విడిగా, సేకరించేవాళ్లకి అప్పగించాలి.

కొనే ముందు వెతకాల్సింది

మోడల్ నచ్చాక సక్షన్ నంబర్ పక్కన పెట్టి, ఆ మోడల్‌కి ఫిల్టర్, బ్రష్, డస్ట్ బ్యాగ్, మాప్ ప్యాడ్ ఇండియాలో దొరుకుతున్నాయా, ఎంతకి దొరుకుతున్నాయో వెతకండి. రెండేళ్లకి ఎన్ని కావాలో లెక్కేసి రోబో ధరకి కలపండి. అప్పుడు తెలిసేదే అసలు ధర. పెద్ద బ్రాండ్ కదా అని భరోసా పెట్టుకోవద్దు. 2002లో రూంబా తెచ్చి ఈ గ్యాడ్జెట్‌ని పాపులర్ చేసిన ఐరోబోట్ కంపెనీయే 2025 డిసెంబర్‌లో అమెరికాలో దివాలా పిటిషన్ వేసింది.

ఇదంతా చదివి "అయితే చీపురే నయం" అనుకోకండి. మంచాల కింద రోజూ పేరుకునే దుమ్ముకి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి రోబో నిజంగా పెద్ద ఊరట. నేను వద్దంటున్నది రోబోని కాదు, ఆర్డర్ పెట్టి చేతులు దులుపుకోవడాన్ని. దసరాకి బొట్టు పెట్టి ఏడాదంతా వదిలేస్తే బండే నడవదు, ఇదెలా నడుస్తుంది?

ఇంట్లోనే ఉంటే ఆదివారం 15 నిమిషాలు మీరే కూర్చోండి. వేరే ఊళ్లో ఉంటే స్పేర్ ఫిల్టర్లు, బ్యాగులు అయిపోకముందే పంపండి, షెడ్యూల్ అమ్మని అడిగి పెట్టండి, ఆఫ్ బటన్ ఎక్కడుందో చూపించండి, ఇంటికెళ్లిన ప్రతిసారీ రోబోని తిరగేసి బ్రష్ విప్పండి. ఈ నాలుగూ చేయగలిగితే ధైర్యంగా ఆర్డర్ పెట్టండి.