లీటరుకెంత అన్న ప్రశ్నే తప్పు

బందరు కోనేరు సెంటర్లో నా ఐ20 ఎన్ లైన్ ఆగితే ఎవరో ఒకరు చుట్టూ తిరిగి చూస్తారు. వెనకున్న జంట సైలెన్సర్ గొట్టాల దగ్గర వంగి, "లీటరుకెంత ఇస్తుందండీ?" అంటారు. పద్నాలుగు అనగానే, "అమ్మో, దీన్ని మేపలేం" అని లేస్తారు.

చిన్న కారుకు టర్బో ఇంజను పెట్టిన ఈ హాట్ హ్యాచ్‌బ్యాకులు పెట్రోలు తాగేస్తాయనీ, డబ్బెక్కువైన కుర్రాళ్ల సరదా అనీ బందరు నుంచి గుడివాడ, అవనిగడ్డ దాకా అందరిదీ ఒకటే మాట. ఆ మాట తప్పు. దాన్ని నమ్మి మనవాళ్లు లక్షలు పోగొట్టుకుంటున్నారు. 1923లో పట్టాభి సీతారామయ్య గారు ఆంధ్రా బ్యాంకు పెట్టిన ఊరు మనది. వడ్డీ పైసలతో సహా చూసుకునే మనం కారు దగ్గరికొచ్చేసరికి ఒక్క అంకె చూసి ఎందుకు ఆగిపోతాం?

నా కారు ఏడాదికి 8 వేల కిలోమీటర్లు తిరుగుతుంది. 571 లీటర్లు పడుతుంది. మా బావమరిది స్విఫ్ట్ ఇవే రోడ్ల మీద 18 ఇస్తుంది, అంటే 444 లీటర్లు. తేడా 127 లీటర్లు. పెట్రోలు మీద మన రాష్ట్రంలో 31 శాతం వ్యాట్, ఆపైన లీటరుకు మరో 4 రూపాయలు. అంత పన్నుతోనూ, లీటరు 110 వేసుకున్నా, ఏడాదికి 14 వేలు. నెలకు 1,200 లోపే.

వేగం ఎక్కువైతే ఇన్సూరెన్సూ ఎక్కువే అంటారు. థర్డ్ పార్టీ ప్రీమియం వేగాన్ని చూడదు, సీసీని చూస్తుంది. 2022 జూన్ 1న వచ్చిన రేట్లలో వెయ్యి సీసీ లోపు కారుకు ఏడాదికి 2,094, ఆపైన 1,500 సీసీ దాకా 3,416. నాది 998 సీసీ, స్విఫ్ట్ 1,197. అక్కడ ఎక్కువ కట్టేది మా బావమరిదే. ఓన్ డ్యామేజీ ప్రీమియం మాత్రం బండి ధరను బట్టి నాకే ఎక్కువ.

అసలు డబ్బు పోయేది తరుగులో. ఇన్సూరెన్సు పట్టిక ప్రకారమే ఐదో ఏడు నడిచేసరికి బండి విలువ సగం. 12 లక్షల కారుకు 6 లక్షలు పోయినట్టే, నెలకు 10 వేలు. పెట్రోలులో 1,200 తేడాకు గుండె బాదుకునే మనిషి ఈ 10 వేల గురించి ఎవర్నీ అడగడు. 8 లక్షల స్విఫ్ట్ ముందు నా బండి ఖరీదైనదే, ఒప్పుకుంటాను. కానీ ఆ ఖర్చు షోరూములో డబ్బు కట్టిన రోజే ఖాయమైపోయింది.

గుడివాడలో మా మేనల్లుడు ఇలాంటి కారే కొనుక్కుంటానన్నాడు. ఇంట్లో పెద్దలు కూర్చుని, "వద్దురా, మైలేజీ రాదు" అని 16 లక్షల డీజిల్ ఎస్‌యూవీ కొనిపించారు. అది లీటరుకు 16 ఇస్తుంది. నా అంత దూరమే తిరిగినా, డీజిల్ 97 చొప్పున వాడికి నాకంటే ఏడాదికి 14 వేలు, ఐదేళ్లకు 70 వేలు మిగులుతుంది. తరుగులో మాత్రం నాకంటే 2 లక్షలు ఎక్కువ పోతుంది. పైగా వాడి ఆఫీసు ఇంటికి 4 కిలోమీటర్లే. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 డీజిల్ కార్లలో పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ అనే ఫిల్టరు ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే బండి బాగా వేడెక్కి, కాసేపు ఒకే వేగంతో పరుగెత్తాలి. వాడి బండి వేడెక్కే లోపే ఆఫీసు వచ్చేస్తుంది. డాష్‌బోర్డు మీద పసుప్పచ్చ లైటు వెలుగుతుంది. అప్పుడు వాడు ఆదివారం పూట పామర్రు వెళ్లి, బందరు రోడ్డెక్కి, ఉయ్యూరు దాటేదాకా తోలి వెనక్కొస్తాడు. అక్కడ పనేమీ లేదు, లైటు ఆరాలి, అంతే. ఒకసారి నేనూ పక్కన కూర్చున్నాను. దారి పొడుగునా వాడు ఒక్క మాట మాట్లాడలేదు. అప్పు ఇంకా మూడేళ్లుంది.

హాట్ హ్యాచ్‌కు మన దగ్గర నిజంగా తగిలే ఖర్చు టైరు. దాన్ని ఎవరూ అడగరు. నా టైరు 195/55, గోడ ఎత్తు 107 మిల్లీమీటర్లు. 14 అంగుళాల చక్రంతో వచ్చే స్విఫ్ట్ టైరు 165/80, ఎత్తు 132. ఆ రెండున్నర సెంటీమీటర్ల రబ్బరే మన రోడ్ల మీద చక్రాన్ని కాపాడేది. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంగుతుంది. కాలవ తూము దగ్గర సిమెంటు కట్టు అలాగే నిలబడి, అటూ ఇటూ రోడ్డు దిగిపోతుంది. మోపిదేవి దాటాక అలాంటి అంచు ఒకటి తగిలి నా టైరు పక్కన నిమ్మకాయంత బొబ్బ లేచింది. టైరుకు 8 వేలు, వంగిన అల్లాయ్ చక్రాన్ని విజయవాడ ఆటోనగర్లో సరిచేయించడానికి 1,300. ఎనిమిది నెలల పెట్రోలు తేడా ఒక్క తూము దగ్గర పోయింది.

నాగాయలంక, కోడూరు వైపు రొయ్యల చెరువుల చుట్టూ ఏడాదికి 40 వేల కిలోమీటర్లు తిరిగే రైతుకు డీజిలే సరైన బండి. ఇంటికీ బడికీ బ్యాంకుకీ తిరిగేవాళ్లు ఆయన లెక్కను తమ నెత్తిన ఎందుకు పెట్టుకోవాలి?

మేనల్లుడి చెల్లెలు వచ్చే ఏడు కారు కొంటానంటోంది. ఇంట్లో మళ్లీ అదే ప్రశ్న మొదలైంది. మొన్న ఆ పిల్ల నోటుబుక్కు పట్టుకుని నా దగ్గరికొచ్చింది. మొదటి వరసలో ఏడాదికి 7 వేల కిలోమీటర్లు అని రాసుకుంది. రెండో వరసలో, టైరు గోడ ఎత్తు.