పొట్టు చెబుతుంది... రంపం గుట్టు!

తోట ఉన్న ఇంట్లో ఒకప్పుడు గొడ్డలి, చేతిరంపం ఉండేవి. ఇప్పుడు చాలాచోట్ల వాటి పక్కన పెట్రోలు రంపమూ చేరింది. 2014లో హుద్‌హుద్ విశాఖ వీధుల్ని చెట్లతో నింపేసినప్పుడూ, 2018లో తిత్లీ ఉద్దానం కొబ్బరితోటల్ని కూల్చేసినప్పుడూ దారులు తెరవడానికి అక్కరకొచ్చింది ఇలాంటి రంపాలే. అయితే మిషన్‌కు పెట్రోలు పోయడం గుర్తుంటుంది కానీ, గొలుసు సంగతే చాలామందికి పట్టదు.

పదునున్న గొలుసు కర్రలోకి తనంతట తానే దిగుతుంది. మొద్దుబారితే మనం బలంగా నొక్కాలి. నొక్కీ నొక్కీ చేతులు అలిసిపోతాయి. అలిసిన చేతుల్లో మిషన్ అదుపు తప్పితే..? అందుకే పదును పని తేలిక కోసమే కాదు, ఒంటి క్షేమం కోసం కూడా!

ఎలా తెలుస్తుంది?

కింద రాలే పొట్టు చూడండి. చిన్న చిన్న పేళ్లుగా రాలుతుంటే గొలుసు బాగున్నట్టే. పిండిలా రాలుతుంటే పదును పోయినట్టు. ఆయిల్ ఉన్నా పొగ వస్తుంటే అదీ ఓ గుర్తే. కోత ఒక పక్కకు వంకర పోతోందంటే, ఒకవైపు పళ్లు రెండోవైపు వాటికన్నా అరిగాయన్నమాట.

పురుగు నేర్పిన పాఠం

ఈ పళ్ల వెనక ఓ కథ ఉంది. 1946లో అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో జోసెఫ్ కాక్స్ అనే కలప కార్మికుడు మొద్దును తొలిచే ఓ పురుగును గమనించాడు. అది కర్రను ఓసారి ఎడమకూ ఓసారి కుడికీ కొరుక్కుంటూ సాగిపోతోంది. ఆ తీరునే అనుకరిస్తూ 1947లో కొత్త గొలుసు చేశాడు. నేటి గొలుసుల్లోనూ పళ్లు ఒకటి ఎడమకు, ఒకటి కుడికి ఉండేది అందుకే.

ముందు స్నానం

ఇంజిన్ ఆపి, స్పార్క్ ప్లగ్ వైరు తీసేయండి. చేతులకు మందపాటి గ్లౌజులు తప్పనిసరి. గొలుసు విప్పి వేడి సబ్బునీళ్లలో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో జిగురూ మట్టీ వదిలించండి. పెట్రోలుతో కడగొద్దు, నిప్పుతో చెలగాటం! బార్ గాడిలో పేరుకున్న పొట్టునూ, ఆయిల్ వచ్చే రంధ్రాన్నీ శుభ్రం చేసి, బార్‌ను తిరగేసి బిగిస్తే రెండంచులూ సమంగా అరుగుతాయి. గొలుసు తడి పూర్తిగా ఆరాక చైన్ ఆయిల్ పట్టించాలి. కాలిన ఇంజిన్ ఆయిల్ వాడకండి. అందులోని లోహపు రజను పంపును పాడుచేస్తుంది.

ఇక ఆకురాయి

గుండ్రటి ఆకురాయి కావాలి. గొలుసును బట్టి 4, 4.8, 5.2, 5.5 మిల్లీమీటర్లలో దొరుకుతుంది. ఏది సరిపోతుందో మిషన్ పుస్తకంలో ఉంటుంది. బార్‌ను వైస్‌లో బిగించి, మొదలుపెట్టే పన్నుకు స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టండి. చాలా గొలుసులకు 30 డిగ్రీల వాలు సరిపోతుంది. పన్ను మీద గీత ఉంటే దాని వెంటే పోవచ్చు. లోపలి నుంచి బయటికి, ముందుకు మాత్రమే తోయాలి. వెనక్కి తెచ్చేటప్పుడు ఆకురాయి పంటిని తాకకూడదు. ఒక్కో పంటికి ఒకే లెక్కన తోస్తూ ఓ వరస పూర్తిచేశాకే రెండో వరస. అన్నిటికన్నా పొట్టి పన్నుకు మిగతావన్నీ సమానం కావాలి.

నాలుగైదుసార్లు పదును పెట్టాక పన్ను ముందుండే చిన్న బొడిపెనూ చూడాలి. పన్ను ఎంత లోతుగా కొరకాలో నిర్ణయించేది అదే. గేజి పెట్టి, బల్లపరుపు ఆకురాయితో చాలా గొలుసులకు 0.65 మిల్లీమీటర్ల తేడా ఉండేలా అరగదీయాలి. అంతకుమించితే రంపం ఎగిరి మనమీదికే రావచ్చు!

పన్ను 4 మిల్లీమీటర్లకన్నా కురచైతే ఇక పొదుపు వద్దు, గొలుసు మార్చేయండి. కోస్తుండగా మేకో రాయో తగిలితే అక్కడికక్కడే ఆపి పళ్లు చూసుకోండి. ఆ కాసేపూ ఆగితే సాయంత్రానికి చేతులే మీకు థాంక్స్ చెబుతాయి!