వినకమునుపే చెప్పిన తీర్పు

గడచిన ఆగష్టు మాసమున నొకనాటి రాత్రి, వసతిగృహమున దీపము లార్పిన పిమ్మట, తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు దుప్పటి ముసుగులో చేతిఫోను దాచుకొని పాట వినుచుండగా మేము పట్టుకొంటిమి. అది యేమి పాట యని యడుగగా, అమెరికా దేశపు ర్యాప్ పాట యనియు, పాడినవాడు టూపాక్ షకూర్ అనియు వాడు చెప్పెను. బూతులును తుపాకులును నిండిన యట్టి పాటలు చదువుకొను పిల్లలు వినదగినవి కావని మేము నిలుచున్న చోటనే తీర్పు చెప్పి, ఫోను పుచ్చుకొని వచ్చితిమి. ఉన్నమాట చెప్పవలయునన్నచో, అప్పటికి మేమా గాయకుని పాట యొక్కటియు వినియుండలేదు.

పిల్లవాడు ఫోను కొఱకు బతిమాలలేదు. "మాష్టారూ, ఇది వాళ్ళ అమ్మ మీద కట్టిన పాటండీ" యని మాత్ర మనెను. మేము నమ్మలేదు. మఱునా డుదయము వాడొక నోటుపుస్తకము తెచ్చి మా బల్లమీద పెట్టెను. పాట యంతయు నందు ఇంగ్లీషున వ్రాసికొని, తెలియని ప్రతి మాటక్రిందను నిఘంటువు చూచి తెలుగర్థము పెన్సిలుతో వ్రాసికొనియుండెను. తరగతిలోని యింగ్లీషు పాఠమునకు వాడెన్నడును నింత శ్రమపడి యెఱుగడు. ఆ పాఠము చెప్పునది మేమే గనుక, ఈ సంగతి కొంచెము సిగ్గుతోనే వ్రాయుచున్నాము.

పాట పేరు "డియర్ మామా". మొదట మే మది మేనమామను గూర్చిన పాట కాబోలు ననుకొంటిమి. వారి వాడుకలో మామా యనగా అమ్మయే యట. ఆ యమ్మ పేరు అఫీనీ షకూర్. నల్లజాతివారి హక్కులకై పోరాడిన బ్లాక్ పాంథర్ పక్షమున ఆమె చేరియుండెను. 1969 వ సంవత్సరమున, న్యూయార్కు నగరమున బాంబులు పెట్టుటకు కుట్రపన్నిరని ఆ పక్షమువారిలో ఇరువదియొక్కరిమీద నేరము మోపబడగా, ఆమెయు వారిలో నొకతె. న్యాయశాస్త్రము చదివినది కాదు. అయినను ప్లీడరు నెవరిని పెట్టుకొనక తన పక్షమున తానే వాదించెను. 1971 మే నెలలో విచారణకు నిలిచిన వారందఱును నిర్దోషులని తీర్పు వచ్చెను. అప్పటి కామె నిండుచూలాలు. మఱుసటి నెల 16 వ తేదీన ఈ కుమారుడు పుట్టెను. పెరూ దేశమున స్పెయినువారి దొరతనముపై 1780 లో తిరుగుబాటు నడపి, మఱుసటి యేట చంపబడిన టూపాక్ అమారూ పేరు వానికి పెట్టుకొనెను.

ఇంతటి ధీరురాలు తరువాతి కాలమున క్రాక్ అను మత్తుమందునకు లోబడెను. ఇంట తండ్రి లేడు. కొడుకు తన పాటలో నీ సంగతి దాచడు. తల్లితో కలహించి యిల్లు వెడలవలసివచ్చిన దినమును దాచడు. ప్రభుత్వమువా రిచ్చు కొద్దిపాటి రొక్కముతో సంసార మీదుకొని వచ్చి, పండుగనాడు మాత్రము పిల్లలకు లోటు తెలియనీయక వండిపెట్టిన చేతులనుగూడ మఱువడు. తప్పును చెప్పి, తప్పుతోకూడ తల్లిని గౌరవించి, ఆమె ఋణము తనచేత తీరునది కాదని యొప్పుకొనును. తల్లులమీద మన భాషలో పద్యములు కొల్లలుగా నున్నవి. అందలి తల్లులలో పెక్కండ్రు దేవతలు. తల్లి మనుష్యురాలుగా నున్నపుడు కొడుకు ఏమి చేయవలెనో చెప్పిన పద్యములు మేము తక్కువగా చూచితిమి.

మా వసతిగృహపు పిల్లవాని తల్లి యాఱేండ్లనుండి కువైటులో నొకరి యింట పనిచేయుచున్నది. వాడు అమ్మమ్మ యొద్ద పెరిగినాడు. ఈ సంగతి పాఠశాల రిజిష్టరులో నున్నది గాని, ఆ రాత్రి మా మనస్సున లేదు.

ర్యాప్ అన నేమో యెఱుగని తల్లిదండ్రులకొఱ కొక మాట. అది రాగము తీసి పాడునది కాదు. అంత్యప్రాసలు కూర్చిన మాటలను తాళమునకు లోబఱచి వడివడిగా చెప్పునది. బుఱ్ఱకథలో వీరావేశము వచ్చినపుడు కథకుడు గుక్క తిప్పుకొనక చెప్పు ఘట్టములు జ్ఞాపకము తెచ్చుకొన్నచో కొంత పోలిక దొరకును. 1970 ప్రాంతములనుండి న్యూయార్కులోని బ్రాంక్స్ పేటలలో, వాద్యములు కొనలేని నల్లజాతి యువకుల నడుమ నిది పెరిగెను. పాత రికార్డుల తాళమే వారికి మద్దెల.

టూపాక్ వీధిలో మాత్రమే పెరిగినవాడు కాడు. బాల్టిమోరు నగరమునందలి కళల పాఠశాలలో చేరి, నాటకము, కవిత్వము, నృత్యము నేర్చెను. షేక్స్‌పియరు నాటకములలో వేషములు వేసెను. నట్‌క్రాకర్ నృత్యనాటకమున ఎలుకలరాజుగా నాడెను. చదువు ముగియకమునుపే 1988 లో కుటుంబము కాలిఫోర్నియాకు తరలిపోయెను. అచ్చట నొక స్త్రీ నడుపుచుండిన కవితాగోష్ఠిలో చేరి వ్రాసిన పద్యములు, వాని మరణానంతరము 1999 లో పుస్తకముగా వెలువడినవి. వాని పేరు చెప్పగానే జనులకు తుపాకియే తోచును. ఎలుకలరాజు కిరీట మెవరికిని తోచదు. ఉపాధ్యాయులమగు మాకు మాత్రము, ఆ బాలుడు తన పాఠశాలలో మఱి యొకటి రెండేండ్లు నిలిచియున్నచో నేమయ్యెడివాడో యను చింత విడువకున్నది.

1991 లో వెలువడిన వాని మొదటి సంపుటమున "బ్రెండాస్ గాట్ ఎ బేబీ" యను పాట కలదు. పండ్రెండేండ్ల బాలిక యొకతె బిడ్డను కని, దిక్కుతోచక చెత్తలో పాఱవేసినదను వార్తను పత్రికలో చదివి వాడా పాట కట్టెను. అది యా బాలిక యింటివారి గొడవ, మనకేల యని యొకరు తప్పించుకొనబోగా, కాదు, ఇది పేట యంతటి గొడవ యని నిరూపించుటకే కథ యెత్తుకొనును. ఆ బాలిక కడకు చచ్చుట వఱకు కథ నడపును. ఓదార్పు లేదు, వినువానికి తప్పించుకొను త్రోవయు లేదు. మేము దానిని మూడుమాఱులు వింటిమి. మొదటిమాఱు మాటలు తెలియలేదు. రెండవమాఱు కాగితము చూచుచు వింటిమి. మూడవమాఱు, మా యూరిలో చదువు మానిపించి పెండ్లిచేసిన పిల్లలు జ్ఞప్తికి వచ్చిరి.

ఈ పాట గల సంపుటమునే అమ్మకమునుండి తీసివేయవలెనని 1992 లో అమెరికా ఉపాధ్యక్షుడు డాన్ క్వేల్ పట్టుపట్టెను. టెక్సాసులో నొక పోలీసు ఉద్యోగి కాల్చి చంపబడగా, ముద్దాయి యీ పాటలు వినుచుండెననియు, అవియే వానిని పురికొల్పినవనియు వాని ప్లీడరు వాదించెను. ఆ వాదము వానిని మరణశిక్షనుండి తప్పింపలేదు. ఆ సంపుటమున పోలీసువారిపై తుపాకి యెత్తు మాటలు లేవని మేమనము. ఉన్నవి. అయినను బ్రెండా పాటయు నందే యున్నది. సంపుటమును దూషించిన పెద్ద లీ పాటను గూర్చి పలుకరైరి. మేము తరగతిలో జాషువగారి గబ్బిలము చెప్పునపుడు, అందలి యాగ్రహమును వేనోళ్ళ కొనియాడుదుము. అది ఛందస్సులో వచ్చిన యాగ్రహము గనుక మర్యాద గలదైనది కాబోలు!

వాని పొట్టమీద "థగ్ లైఫ్" అని పచ్చబొట్టు పొడిపించుకొనియుండెను. అందఱును దానిని రౌడీతనపు జెండా యనిరి. ఈ థగ్గు అను మాట మన దేశముదే. హిందీలోని ఠగ్ శబ్దమును, బాటసారులను గొంతు నులిమి చంపు దొంగలకు పేరుగా, తెల్లదొరలు ఇంగ్లీషులోనికి గొనిపోయిరి. సముద్రములు దాటి, తుద కది నల్లజాతి పిల్లలకు తిట్టుపేరైనది. టూపాక్ ఆ తిట్టునే తీసికొని, ఒక్కొక్క యక్షరమున కొక్కొక్క మాట చొప్పున విడదీసి క్రొత్త యర్థము చెప్పెను: పసిపిల్లలకు మనమిచ్చు ద్వేషము పెరిగి పెద్దదై తిరిగివచ్చి మన యందఱిని చెఱచునని దాని తాత్పర్యము. ఈ యర్థమునుండియే ఆంజీ థామస్ అను రచయిత్రి 2017 లో వెలువరించిన నవలకు పేరు వచ్చెను.

ఇంతవఱకు వ్రాసి నిలిపినచో మేమొక పక్షమువారి ప్లీడర లగుదుము. మేము పదవ తరగతిలో నొక శనివారము వాని పాటలను గూర్చి ముచ్చటించునపుడు, బాలిక యొకతె లేచి యడిగినది: "స్త్రీలను గౌరవించుడని పాడినవాడే స్త్రీయెడల నేరము చేసి జైలుకు పోయినాడట గదండీ. అయితే ఆ పాట నెట్లు నమ్మవలెను?" ఆమె చెప్పినది నిజము. 1993 లో వాడు "కీప్ యా హెడ్ అప్" అను పాట పాడెను. అంతకు రెండేండ్లకు ముందు లాస్ ఏంజెలెసులో నారింజరసపు సీసా కొఱకైన తగవులో నొక అంగడి యజమానురాలు పదునేనేండ్ల నల్లజాతి బాలికను వెనుకనుండి కాల్చి చంపెను. దోషి యని తేలినను ఆమెకు జైలుశిక్ష పడలేదు. ఆ బాలిక కంకితమిచ్చిన పాట యది. కష్టపడు స్త్రీల పక్షమున నిలిచిన పాట. మఱుసటి సంవత్సరమే, ఒక యువతియెడల జరిగిన దౌర్జన్యమునకు న్యాయస్థానము వానిని దోషిగా నిర్ణయించెను. "డియర్ మామా" గల సంపుటము 1995 లో అమ్మకములలో మొదటి స్థానమున నిలిచిన నాటికి వాడు జైలులో నుండెను.

ఆ బాలికకు మేము వెంటనే జవాబు చెప్పలేకపోతిమి. ఇప్పుడును మాయొద్ద నున్నది సగము జవాబే. పాట నిజమైనంతమాత్రమున పాడినవాని నేరము కడిగివేయబడదు. నేరము నిజమైనంతమాత్రమున బ్రెండా కథ యబద్ధము కాదు. రెంటిని రెండుచేతులలో పట్టుకొని నిలుచుట కష్టము. పెద్దలమైన మేమే దానికి జడిసి, ఫోను లాగికొను సులభమార్గము త్రొక్కితిమి.

ఈ పాటలను ఖండించిన వారందఱు తెలివిలేనివారనియు మేమనుకొనము. సి. డెలోరిస్ టక్కర్ అను నల్లజాతి వనిత, మార్టిన్ లూథర్ కింగుతో పౌరహక్కుల యాత్రలలో నడచినది, స్త్రీలను నీచముగా పలుకు ర్యాప్ పాటలపై యేండ్ల తరబడి పోరాడినది. టూపాక్ తన పాటలలో ఆమెను పేరుపెట్టి తిట్టెను. ఈ తగవులో మేమామె పక్షమే. జైలునుండి వెలుపలికి వచ్చిన పిమ్మట, కడపటి సంవత్సరమున పగపట్టి పాడిన పాటలు కొన్ని మేము వినలేక నడుమనే యాపితిమి. ఆ పగల నడుమనే 1996 సెప్టెంబరు 7 వ తేదీన లాస్ వేగస్ నగరమున వానిని కాల్చిరి, ఆఱుదినములకు మరణించెను. వయస్సు ఇరువదియైదు. మా శిష్యులలో ఆ యీడునకు బి. ఎడ్. ముగించి యుద్యోగమునకై తిరుగుచున్నవారు కలరు.

తరువాత లోకము మనసు మార్చుకొనెను. "డియర్ మామా"ను అమెరికా కాంగ్రెసు గ్రంథాలయమువారు భద్రపఱుపదగిన ధ్వనిముద్రణల పట్టికలో చేర్చినట్లు 2010 లో ప్రకటించిరి. అంతకు కొంచెము ముందు, 2009 లో, వాటికనువారు అంతర్జాలమున ప్రకటించిన తమ పాటల పట్టికలో వాని "ఛేంజెస్" అను పాటకు చోటిచ్చిరి. మా మిషనువారికి వాటికను ప్రమాణము కాదనుట మేమెఱుగుదుము. ఐనను, కఠినులని పేరుపడిన పెద్దలే విని యేరుకొన్నపుడు, మనము వినకయే పాఱవేయుట తగునా?

కావున మా యభిప్రాయము. దీపము లార్పిన పిమ్మట ఫోను పనికిరాదను నియమ ముండవలసినదే. దానికి మేము కట్టుబడియున్నాము. కాని పిల్లలు వినుచున్న పాటను నిషేధించుటకు ముందు ఉపాధ్యాయుడు దానిని మాటలతోసహా ఒక్కమాఱైనను వినవలెను. శనివారపు సాహిత్యసభలో నెల కొక గంట దీనికి విడువవలెనని ప్రధానోపాధ్యాయులవారి నడిగియున్నాము. ఏ పాట వినదగును, ఏది కాదు అను విచారణ పిల్లల యెదుటనే జరుగవలెను. ఆ బాలికవంటివారు ప్రశ్నించుచుండగా జరుగవలెను. తల్లిదండ్రులలో కొందఱికి ఇది నచ్చదని తెలియును. వారును వచ్చి కూర్చుండవచ్చును, కుర్చీలు వేయింతుము.

ఫోను క్రిస్‌మస్ సెలవులకు వచ్చిన వాని అమ్మమ్మ చేతికే యిచ్చితిమి. నోటుపుస్తకము వాని యొద్దనే యున్నది. దానిని తిరిగి యిచ్చు దినమున ఒక తప్పు చూపితిమి. వెల్ఫేర్ అను మాటక్రింద వాడు "క్షేమము" అని వ్రాసికొనెను. నిఘంటువులో నట్లే యుండును గాని, పాటలో నా యర్థము పొసగదు. అచ్చట, కూటికి లేనివారికి ప్రభుత్వమువారు నెలనెల నిచ్చు డబ్బని యర్థము చెప్పితిమి. వాడు కొంతసే పాలోచించి, "మా అమ్మమ్మ పింఛను లాంటిదాండీ?" యని యడిగెను. అవునంటిమి. రబ్బరుతో తుడిచి, మరల వ్రాసికొనెను.