మణికట్టు మీద పెత్తనం

ఆడది చేత కర్ర పట్టుకుంటే చాలు, సలహాలు చెప్పేవాళ్ళు ఎక్కడెక్కడినుంచి పుట్టుకొస్తారో!

నలభై దాటాక నాకు గోల్ఫు పిచ్చి పట్టింది. నవ్వకండి. "నవలలు రాసుకునేదానివి, నీకెందుకే ఆ బంతులాట?" అని మా అత్తగారు బుగ్గలు నొక్కుకున్నారు. డాక్టరుగారు బాగా నడవమన్నారు. పద్దెనిమిది గుంటలూ తిరిగితే నాలుగు మైళ్ళకి పైనే నడక. సరే, మావారు ఆదివారాలు ఆడేచోటికే నేనూ బయల్దేరాను.

అక్కడ ఆట నేర్పే పెద్దమనిషిది ఒకటే మంత్రం. "మణికట్టు వదలకండమ్మా! మడిచింది మడిచినట్టే బిగబట్టండి. కర్ర బంతి దగ్గరికొచ్చాక ఆఖరి క్షణంలో వదలండి." మావారిదీ అదే పాట. సరేనని బిగబట్టాను. బంతి కుడివైపు చెట్లల్లోకి పోయింది. "ఇంకా బిగించాలి" అన్నారు. బిగించాను. ఇంకా లోపలి చెట్లల్లోకి పోయింది! మూడో నెలకి మణికట్టు వాచి, గరిట కూడా పట్టుకోలేకపోయాను. అప్పుడాయన తాపీగా తేల్చేశారు: "ఆడవాళ్ళ మణికట్టులో బలముండదండీ."

ఒళ్ళు మండిందంటే మండదూ! నాతోపాటు చేరిన ఇద్దరు స్నేహితురాళ్ళు ఆ మాట నిజమే కాబోలనుకుని కర్రలు అటకెక్కించేశారు. అందుకే ఈ గొడవ ఇక్కడ రాస్తున్నాను.

నేను బి.ఏ. చదివినదాన్ని. లెక్కలంటే భయం. అయినా పట్టుదల కొద్దీ పుస్తకాలు తిరగేశాను. 1968లో కోక్రన్, స్టాబ్స్ అనే ఇద్దరు ఈ ఆట మీద ఒక శాస్త్రగ్రంథం వెలువరించారు. గోల్ఫు దెబ్బని మడతబందుతో కలిపిన రెండు కర్రలుగా ఊహించుకోమన్నారు. పై కర్ర మన చేతులు, కింది కర్ర ఆడే కర్ర, మధ్య మడతబందు మన మణికట్టు. చేతులు కిందికి దిగడం మొదలుపెట్టగానే కర్ర వెనకబడుతుంది. వేగం పెరిగేకొద్దీ దాని బరువే దాన్ని బయటికి లాగుతుంది, మడత దానంతటదే విచ్చుకుంటుంది. అప్పుడు చేతులు నెమ్మదిస్తాయి, వాటి వేగం కర్రకి చేరుతుంది.

ఇంత శాస్త్రం దేనికి? మా అమ్మమ్మగారి ఊళ్ళో రేవు దగ్గర బట్టలుతికే ఆవిడ బక్కపలచని మనిషి. తడిసిన దుప్పటి తలమీదుగా తిప్పి బండకేసి కొడితే ఊరంతా వినిపించేది. ముందు నడుము కదిలేది, తర్వాత భుజం, ఆ తర్వాత చెయ్యి, చిట్టచివర దుప్పటి కొస. ఆ కొసని ఎప్పుడు వదలాలా అని ఆవిడ ఏనాడైనా ఆలోచించిందా?

పోనీ, ఆలోచించడానికైనా వ్యవధి ఉందా? కర్ర పైనుంచి బంతిదాకా రావడానికి పట్టేది సుమారు పావు సెకను. బంతిని తాకి ఉండేది సెకనులో రెండువేలో వంతు! కంటికి కనపడ్డదానికి చెయ్యి కదలడానికే సెకనులో అయిదోవంతు కావాలి. ఇంక ఆఖరి క్షణం చూసుకుని వదిలేదెలాగండీ?

ఈ పొరపాటంతా ఫోటోలవల్ల వచ్చింది. గొప్ప ఆటగాళ్ళ ఫోటోలో చేతులు నడుందాకా దిగినా మణికట్టు మడిచే ఉంటుంది. అది చూసి, ఆయన బిగబట్టాడు కాబట్టి మనమూ బిగబట్టాలంటారు. పొంగిన పూరీ ఫోటో చూసి, పూరీని చేత్తో పొంగించమన్నట్టుంది! పిండీ నూనే సరిగ్గా కుదిరితే పూరీ అదే పొంగుతుంది.

వాళ్ళ మాటలో బొత్తిగా న్యాయం లేదనను. కొత్తవాళ్ళు గాలం విసిరినట్టు పైనుంచే మణికట్టు విసిరేస్తారు. బంతి దగ్గరికొచ్చేసరికి వేగం అయిపోతుంది. ఆ జబ్బు నిజమే. కాని మందు అది కాదు. చేతులు తొందరపడి ముందు బయల్దేరడంవల్ల వచ్చిన జబ్బది. ముందు కాళ్ళూ నడుమూ తిప్పమని చెబితే నయమవుతుంది. బిగబడితే కర్ర మొహం తెరుచుకునే ఉండిపోయి, కుడిచేతివాటం వాళ్ళ బంతి కుడివైపుకే పోతుంది.

1957లో ప్రసిద్ధమైన పుస్తకం రాసిన బెన్ హోగన్ ని అందరూ ఉదహరిస్తారు. తొలిరోజుల్లో ఆయన బంతి ఎడమవైపుకి మెలితిరిగి పోయేది. ఆ జబ్బుకి వాడిన మందు, కుడివైపుకి పోయే నా బంతికి పోస్తే ఏమవుతుంది? అతిసారానికిచ్చే మాత్ర మలబద్ధకానికిచ్చినట్టే!

ఇక బలం సంగతి. టోక్యో ఒలింపిక్సు 2021లో జరిగినప్పుడు మన అదితి అశోక్ నాలుగో స్థానంలో నిలిచింది. ఒక్కటంటే ఒక్క దెబ్బ తేడాలో పతకం తప్పింది. కర్రల సంచీ మోసింది వాళ్ళమ్మ! దూరం కొట్టడంలో అదితికంటే బలమైనవాళ్ళు ఆ పోటీలో బోలెడుమంది. వాళ్ళలో ఎంతోమంది ఆ పిల్ల వెనకే మిగిలారు.

మణికట్టు నయమయ్యాక నేను పట్టు సడలించాను. నడుము తిప్పడం ఒక్కటే చూసుకుంటున్నాను. మొన్న ఆదివారం బంతి తిన్నగా వెళ్ళి గడ్డి నడిమధ్య పడింది. మావారు నోరు తెరిచి, "ఏం చేశావోయ్?" అన్నారు.

"ఏమీ చెయ్యలేదండీ. చెయ్యకుండా ఉండడానికే ఇన్ని నెలలు పట్టింది" అన్నాను.

ఆ సాయంత్రమే స్నేహితురాళ్ళిద్దరికీ ఫోన్ చేశాను, అటక మీద కర్రలు దించి దుమ్ము దులపమని.