ఇల్లాలి చెవికి విలువ లేదా?

కుక్కర్ ఎన్ని విజిల్స్ వేసిందో వసారాలో కూర్చున్నా లెక్క తప్పం. మిక్సీ రోజూ తిరిగినట్టు కాక కాస్త గొంతు మార్చిందంటే పచ్చడి సగంలో ఉండగానే స్విచ్ ఆపేస్తాం. వాకిట్లో ఆగిన స్కూటర్ ఎవరిదో తలుపు తీయకుండానే చెప్పేస్తాం. ఇంత చెవి ఉన్న మనం కారులో చప్పుడు వస్తోందంటే మాత్రం ఎవరూ నమ్మరు. ఎందుకని?

మొన్నటి వేసవిలో జగిత్యాల నుంచి కోరుట్లకు పెళ్ళికి బయల్దేరాం. 63వ నంబరు జాతీయ రహదారి మీద పాతిక కిలోమీటర్ల దారి. మాది సెకండ్ హ్యాండ్ కారు. మావారు నడుపుతున్నారు. లారీని దాటడానికి యాక్సిలరేటర్ నొక్కినప్పుడల్లా ఇంజను వైపు నుంచి 'కుయ్'మని సన్నగా ఒక రొద. కాలు తీస్తే తగ్గిపోతోంది.

"ఏమండీ, ఏదో చప్పుడొస్తోంది" అన్నాను.

"కథలు రాసేదానివి కదా, నీకు లేని చప్పుళ్ళు కూడా వినిపిస్తాయి" అని నవ్వేశారు. వెనక కూర్చున్న మా ఆడపడుచూ నవ్వింది. నేనూ నవ్వి ఊరుకున్నాను. అదే నేను చేసిన తప్పు.

పదిహేను రోజులకు ఆ రొద మావారికీ వినిపించింది. ఒక మెకానిక్ దగ్గరికి వెళ్ళాం. "నొక్కితేనే వస్తుందన్నా, బండి ఆగి ఉన్నా వస్తుంది" అని చెప్పబోయాను. అతను నా వైపు తిరిగి కూడా చూడలేదు. "గేర్‌బాక్స్ పోయింది సార్, దించాలె" అని మావారితో అన్నాడు. అతను చెప్పిన ఖర్చు మా అబ్బాయి ఏడాది ఫీజంత ఉంది. ఆలోచించి చెబుతామని వచ్చేశాం.

ఆ వారమే వేములవాడ మీదుగా సిరిసిల్లకు వెళ్ళాల్సి వచ్చింది. చీకటి పడి లైట్లు వేయగానే రొద ఇంకా పెరిగింది. సిరిసిల్లలో మగ్గాల షెడ్ల పక్కనే ఒక చిన్న షాపు కనిపిస్తే ఆపాం. 2017 నుంచి కొన్నేళ్ళు బతుకమ్మ చీరలు నేసిన ఊరది. అక్కడ పవర్‌లూమ్ చప్పుడు మారిందంటే ఎక్కడో ఏదో తేడా వచ్చినట్టే లెక్క. ఆ మెకానిక్ బానెట్ ఎత్తకముందే అడిగాడు. "ఎప్పుడొస్తాంది అక్కా సప్పుడు?"

ఆ ఒక్క ప్రశ్నకు నాకు ప్రాణం లేచొచ్చింది. చూసిందంతా చెప్పాను. అతను బెల్టు తీసి ఇంజనును కొద్ది క్షణాలు నడిపాడు. రొద లేదు! ఆపేసి, ఆల్టర్నేటర్ పుల్లీని చేత్తో తిప్పితే గరగరమంది. బేరింగ్ అరిగిపోయింది. "ఇది ఇయ్యాల్టిది కాదు, నెల దినాలైతాంది" అన్నాడు. నేను మావారి వైపు చూశాను. ఆయన నేల చూపులు చూశారు. గేర్‌బాక్స్‌కు చెప్పినదాంట్లో పదో వంతు కూడా ఖర్చు కాలేదు. అలాగే వదిలేస్తే బేరింగ్ పట్టేసి బెల్టు తెగేదట. చాలా కార్లలో నీళ్ళ పంపు కూడా అదే బెల్టు మీద తిరుగుతుంది. బెల్టు తెగితే ఇంజను వేడెక్కి నడిరోడ్డు మీద నిలబడటమే.

ఆ రోజు నేర్చుకున్నవి మీతో పంచుకుంటాను. ముందు బండి ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, న్యూట్రల్‌లో యాక్సిలరేటర్ నొక్కి చూడాలి. అప్పుడూ వస్తే చాలావరకు ఇంజను వైపు లోపం. అదే సమయంలో క్లచ్ తొక్కితే రొద పోయిందా? అనుమానం గేర్‌బాక్స్ మీదకు వెళుతుంది. ఏదో ఒక్క గేరులోనే వచ్చినా అంతే. బండి కదిలితేనే వస్తూ, కాలు తీసినా ఆగకుండా, వేగాన్ని బట్టి హెచ్చుతగ్గులైతే చక్రాల బేరింగ్ చూడాలి. స్టీరింగ్ తిప్పినప్పుడే మూలిగితే పవర్ స్టీరింగ్ ఆయిల్ తగ్గిందేమో చూడాలి. కొత్త కార్లు చాలావాటిలో స్టీరింగ్‌కు కరెంటు మోటారే ఉంటుంది కాబట్టి వాటికి ఈ ఆయిల్ ఉండదు. టర్బో ఉన్న డీజిల్ బండి ఈల వేస్తూ లాగలేకపోతే గాలి గొట్టం ఎక్కడైనా చిట్లిందేమో చూపించాలి.

ఒక్క జాగ్రత్త. ఇంజను నడుస్తుండగా బానెట్ దగ్గరికి వంగకండి. కొంగు, చున్నీ, జడ, ఏది బెల్టులో చిక్కినా ప్రాణం మీదకు వస్తుంది. వినడం మన పని, విప్పడం మెకానిక్ పని. విప్పాక పాత సామాను చూపించమని అడగడం మాత్రం మన హక్కు.

కారుకూ ఆడదానికీ ఏం సంబంధం అనేవాళ్ళకు ఒక మాట. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఇల్లాలు భర్తకు చెప్పకుండా, ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకుని ఆయన చేసిన కారును మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్ దాకా దాదాపు 100 కిలోమీటర్లు నడిపింది. పెట్రోలు గొట్టం మూసుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి బాగుచేసింది. బ్రేకులు అరిగితే చెప్పులు కుట్టేవాడి చేత తోలు వేయించింది. కారు లోపాలు మొదట కనిపెట్టిన చేతుల్లో ఒక ఇల్లాలి చేతులూ ఉన్నాయన్నమాట!

మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు ఎంతోమంది మగవాళ్ళు గల్ఫ్‌లో ఉన్నారు. ఇక్కడ అప్పులు, పొలం, పిల్లల చదువులు, ఇంటి ముందు బండి అన్నీ ఆడవాళ్ళే చూసుకుంటున్నారు. మెకానిక్ "గేర్‌బాక్స్ పోయింది" అంటే దుబాయ్‌కి ఫోన్ చేస్తారు. ఆ బండి చప్పుడు అక్కడున్న ఆయనకేం వినిపిస్తుంది? విన్నది ఆవిడే. ఆవిడ మాట నమ్మకపోతే పోయేది ఎడారిలో ఎండకు మాడి సంపాదించిన డబ్బు.

కాబట్టి అక్కలూ, చెల్లెళ్ళూ, చప్పుడు వినిపిస్తే నవ్వి ఊరుకోకండి. ఎప్పుడొచ్చింది, ఎప్పుడాగింది, దేనికి పెరిగింది, ఈ మూడూ పాలవాడి లెక్క రాసే క్యాలెండర్ మీదే రాసిపెట్టండి. విననట్టు నటిస్తే మళ్ళీ చెప్పండి. ఈమధ్య కారెక్కగానే మావారు టేప్ కట్టేసి "ఏమన్నా వినిపిస్తోందా?" అని అడుగుతున్నారు. ఆ ప్రశ్న కోసం మాత్రం మనం బేరింగ్ అరిగేదాకా ఆగక్కర్లేదు. ఏమంటారు?