నవ్వుల మంగళవారం

మంగళవారం రాత్రి 8 గంటలు. పెట్రోలు బంకు కుర్రాళ్ల యూనిఫాంలో నలుగురు వచ్చి, స్పాన్సర్ చేస్తున్న టెక్సకో కంపెనీ గొప్పలు పాడి వెళ్తారు. ఆ వెనకే, చాలాసార్లు ఆడవేషంలో, పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతూ ఒక మనిషి దూసుకొస్తాడు. 1948 నుంచి నాలుగైదేళ్లపాటు న్యూయార్క్‌లో టీవీ ఉన్న ఇళ్లకు వారమంతా ఈ గంట కోసం ఎదురుచూపే. దూరదర్శన్‌లో రామాయణం వచ్చిన ఆదివారాలు గుర్తున్నవారికి ఆ సందడి గురించి వేరే చెప్పక్కర్లేదు. షో ముగిసిన మరునిమిషం జనమంతా ఒక్కసారిగా బాత్‌రూముల్లోకి పరుగెత్తడంతో డెట్రాయిట్‌ జలాశయాల్లో నీటి మట్టం పడిపోయేదని ఒక కథ. నిజానిజాల మాట ఎలా ఉన్నా, అలాంటి కథ పుట్టిందంటేనే ఆయన హవా ఏమిటో తెలుస్తుంది.

ఆ మనిషి మిల్టన్ బెర్ల్. అమెరికా ఆయనకు ఇచ్చిన బిరుదు 'మిస్టర్ టెలివిజన్'. కానీ ఆయన్ను తయారుచేసింది టెలివిజన్ కాదు, వాడవిల్. గారడీవాళ్లు, పాటగాళ్లు, ఆడించే కుక్కలు, హాస్యగాళ్లు ఒకరి తర్వాత ఒకరుగా వేదికెక్కి పది పదిహేను నిమిషాల్లో తమ పని ముగించుకునే వినోద ప్రదర్శన అది. 1908లో న్యూయార్క్‌లోని ఒక పేద యూదు కుటుంబంలో మెండెల్ బెర్లింగర్‌గా పుట్టిన బెర్ల్, అయిదేళ్ల వయసులోనే చాప్లిన్‌ను అనుకరించి బహుమతి కొట్టాడు. ఆ తర్వాత తల్లి శారా కొడుకును వెంటబెట్టుకుని ఊరూరా తిప్పింది. ప్రేక్షకుల్లో కూర్చుని, కొడుకు జోకు వేయగానే అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా నవ్వడం కూడా ఆమె బాధ్యతే. నవ్వు అంటువ్యాధి లాంటిదని ఆ తల్లికి బాగా తెలుసు.

వాడవిల్‌లో ఒక సౌకర్యం ఉండేది. బాగా పండిన పదిహేను నిమిషాల సరుకు చేతిలో ఉంటే ఏళ్ల తరబడి బతికేయవచ్చు. ఊరు మారితే ప్రేక్షకులు కొత్తవాళ్లే కదా! అందుకే అక్కడ జోకు ఆస్తి లాంటిది. ఆ ఆస్తిని కాజేయడంలో బెర్ల్ మొహమాటపడలేదు. కాలమిస్టు వాల్టర్ విన్చెల్ ఆయనకు 'చెత్త జోకుల దొంగ' అనే అర్థం వచ్చేలా పేరు పెడితే, దాన్నీ వేదిక మీద నవ్వులకు వాడుకున్నాడు.

1932లో వాడవిల్‌కు గుడి లాంటి న్యూయార్క్ ప్యాలెస్ థియేటర్ సినిమా హాలుగా మారింది. రేడియో బెర్ల్‌కు పెద్దగా అచ్చిరాలేదు. మొహం, నడక, వేషం కనిపించనిచోట ఆయనలో మిగిలేది సగమే మరి. టెలివిజన్ వచ్చాక ఆ రెండో సగానికీ విలువ పెరిగింది. 1949 మే 16న టైమ్, న్యూస్‌వీక్ రెండింటి ముఖచిత్రమూ ఆయనే. 1950-51 సీజన్లో టీవీ ఉన్న ఇళ్లలో 61 శాతానికి పైగా ఆయన షో చూశాయి. ఎన్‌బీసీ 1951లో ఆయనతో ఏకంగా 30 ఏళ్ల ఒప్పందం చేసుకుంది. ఏటా 2 లక్షల డాలర్లు!

అయిదేళ్లు గడిచేసరికి షో మూతపడింది. సరుకు అయిపోయిందన్నది అందరూ చెప్పే కారణం. ఏళ్లకు సరిపోయే జోకులను టీవీ ఒక్క రాత్రిలో మింగేస్తుంది, నిజమే. కానీ అసలు కారణం అమెరికా మ్యాపులో ఉందనిపిస్తుంది. 1948లో టీవీ అంటే ప్రధానంగా తూర్పు తీరపు పెద్ద నగరాలు. బెర్ల్ గోల, వేషాలు, న్యూయార్క్ వెటకారం అక్కడివాళ్లకు పాత పరిచయాలే. 1951 సెప్టెంబర్‌లో ప్రసారాలు తీరం నుంచి తీరానికి అందాయి. మరుసటి ఏడాది కొత్త స్టేషన్లపై ఆంక్షలు తొలగాయి. చిన్న ఊళ్లు వచ్చి తెర ముందు కూర్చున్నాయి. వాటికి కావలసింది పక్కింటి మొగుడూ పెళ్లాల తగవు. 1952-53లో 'ఐ లవ్ లూసీ' అగ్రస్థానానికి చేరింది. బెర్ల్‌కు పోటీగా మంగళవారం అదే వేళకు ఒక బిషప్ చేసే ప్రసంగాలకు కూడా జనం తయారయ్యారు. పంతులుగారి చేతిలో నవ్వులరాయుడు దెబ్బతినడం ఆయన జోకుల్లో కూడా లేని జోకు.

1953లో టెక్సకో తప్పుకుంది. తర్వాత వచ్చిన బ్యూయిక్ కార్ల కంపెనీ కూడా రెండేళ్లకే వెళ్లిపోయింది. ఆఖరి సీజన్లో, 1956 జూన్ 5న, ఎల్విస్ ప్రెస్లీ నడుము తిప్పుతూ పాడిన పాట మీద దేశమంతా దుమారం రేగింది. ఆ వేదిక బెర్ల్‌దేనన్న సంగతి ఇప్పుడు ఎందరికి గుర్తు? అదే నెలలో షో ముగిసింది.

ఒప్పందం మాత్రం ముగియలేదు. 1960లో ఎన్‌బీసీ ఆయనకు అప్పగించిన పని బౌలింగ్ పోటీల కార్యక్రమానికి వ్యాఖ్యాతగా ఉండటం. మిస్టర్ టెలివిజన్ బంతులు దొర్లడం చూస్తూ మధ్యమధ్య జోకులు వేశాడు. 1965లో జీతం లక్షా 20 వేల డాలర్లకు తగ్గించుకుని, ఇతర చానళ్లలో పనిచేసే స్వేచ్ఛ కొనుక్కున్నాడు. మరుసటి ఏడాది ఏబీసీలో మొదలైన కొత్త షో ఒక్క సీజన్ కూడా పూర్తికాకుండానే ఆగిపోయింది.

లూసీ షోను ఫిల్ము మీద తీశారు కాబట్టి దశాబ్దాలపాటు మళ్లీ మళ్లీ ప్రసారమైంది. బెర్ల్ చేసింది ప్రత్యక్ష ప్రసారం. మిగిలినవి టీవీ తెరను కెమెరాతో చిత్రించిన మసక ప్రతులు. 1989లో ఆయన తన జోకుల ఖజానాను పుస్తకంగా అచ్చువేశాడు. పదివేలకు పైగా జోకులు. అందులో సొంతవి ఎన్నో ఆయనకే తెలియాలి. 2002 మార్చి 27న, 93 ఏళ్ల వయసులో, లాస్ ఏంజిలిస్‌లో కన్నుమూశాడు. హాస్య చిత్రాల దర్శకుడు బిల్లీ వైల్డర్, హాస్యనటుడు డడ్లీ మూర్ కూడా ఆ రోజే పోయారు. చివరికి సంతాప వార్తల్లో కూడా ఆయన వేదికను మరో ఇద్దరితో పంచుకోవాల్సి వచ్చింది.