చదివింపుల పుస్తకం ఏదీ?

అసెంబ్లీ సమావేశాలు జరిగే రోజుల్లో పేపర్లో తరచూ కనిపించే మాట... 'లాబీల్లో'. లాబీల్లో ఎమ్మెల్యేల ముచ్చట్లు, లాబీల్లో మంత్రిగారి వ్యాఖ్యలు. లాబీ అంటే సభ బయటి వసారా అన్నమాట. ఓటు వేసే సభ్యుణ్ని అక్కడ పట్టుకుని 'మా సంగతి కాస్త చూడండి' అని అడగడమే లాబీయింగ్.

మనకూ ఓ మాట ఉంది... పైరవీ! కాకపోతే చిన్న తేడా. బదిలీ కోసమో లైసెన్సు కోసమో తిరిగితే పైరవీ అంటాం. ఏకంగా చట్టాన్నే తమకు అనుకూలంగా రాయించుకోవడానికి తిరిగితే లాబీయింగ్.

అది తప్పా? కానే కాదు. మద్దతు ధర పెంచమని రైతు సంఘం మంత్రిని కలవడమూ, పన్ను తగ్గించమని చేనేత కార్మికులు ఢిల్లీ వెళ్లడమూ లాబీయింగే. కష్టం చెప్పుకునే హక్కు అందరికీ ఉంది. చిక్కల్లా ఒక్కటే. రైతులు కలిస్తే ఫొటోతో సహా పేపర్లో వస్తుంది. పెద్ద కంపెనీ మనిషి కలిస్తే మూడోకంటికి తెలియదు.

అక్కడ రాస్తే ఇక్కడ తెలిసింది

2012 డిసెంబరు. చిల్లర వ్యాపారంలో 51 శాతం దాకా విదేశీ పెట్టుబడులకు అనుమతిపై పార్లమెంటు అట్టుడుకుతోంది. సరిగ్గా అప్పుడే ఓ సంగతి బయటపడింది. వాల్‌మార్ట్ 2008 నుంచి రకరకాల అంశాలపై లాబీయింగ్‌కు సుమారు రెండున్నర కోట్ల డాలర్లు ఖర్చుపెట్టింది. ఆ అంశాల జాబితాలో భారత మార్కెట్ కూడా ఉంది! తప్పేమీ చేయలేదనీ, అమెరికా చట్టం ప్రకారమే లెక్క చూపామనీ కంపెనీ చెప్పింది. మన ప్రభుత్వం 2013 జనవరిలో మాజీ న్యాయమూర్తి ముకుల్ ముద్గల్‌తో విచారణ కమిటీ వేసింది.

తప్పొప్పుల సంగతి పక్కన పెడదాం. మన దేశం పేరున్న ఆ లెక్క ఎక్కడ దొరికింది? అమెరికా సెనేట్ రికార్డుల్లో! అక్కడి చట్టం రాయమంది కాబట్టి రాశారు. ఇక్కడ రాయమనే చట్టమే లేదు.

దొంగ నేర్పిన పాఠం

అమెరికాకూ ఆ బుద్ధి తేలిగ్గా రాలేదు. 1995లో చట్టం తెచ్చినా లొసుగులు మిగిలాయి. జాక్ అబ్రమాఫ్ అనే లాబీయిస్టు ప్రజాప్రతినిధులను విందులు, విహారయాత్రలతో ముంచెత్తి, 2006లో నేరం ఒప్పుకున్నాడు. ఆ మరుసటి ఏడాదే చట్టాన్ని బిగించారు. మూడు నెలలకోసారి లెక్క చెప్పాలి. చెప్పకపోతే 2 లక్షల డాలర్ల దాకా జరిమానా, కావాలని మోసం చేస్తే అయిదేళ్ల దాకా జైలు. చిత్రమేమిటంటే, ఆ అబ్రమాఫే లాబీయిస్టుగా పేరు నమోదు చేసుకోకుండా పనిచేసి, 2020లో అదే చట్టం కింద మళ్లీ దొరికిపోయాడు! చట్టం ఉంటే దొంగలు ఉండరని కాదు, దొరుకుతారని.

ఐర్లాండ్ 2015లో ఇంకా సులువైన పద్ధతి పెట్టింది. ఎవరు ఎవరిని కలిశారు, ఏ విషయంపై, ఏం కోరారు... నాలుగు నెలలకోసారి నమోదు చేయాలి. ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. సొంత ఇబ్బంది చెప్పుకునే మామూలు మనిషికి ఈ బాదరబందీ లేదు.

మన దగ్గర 1988 నాటి అవినీతి నిరోధక చట్టం ఉంది. లంచం తీసుకుంటే శిక్షిస్తుంది, ఎవరెవరు కలిశారో చెప్పమనదు. 2005లో సమాచార హక్కు వచ్చింది. ఫైల్లో ఉన్నది అడగొచ్చు. అసలు ఫైలుకే ఎక్కని భేటీ సంగతి ఎలా అడుగుతాం? 2013లో కాళికేశ్ సింగ్‌దేవ్ అనే ఎంపీ లాబీయింగ్ వివరాలు వెల్లడించాలంటూ ప్రైవేటు బిల్లు పెట్టారు. అది చట్టం కాలేదు.

ఇదంతా మనకెందుకు అనుకోకండి. మందుబిళ్ల ధర, బిస్కెట్ ప్యాకెట్ మీద పంచదార వివరం, కరెంటు బిల్లు... ఢిల్లీలో తీసుకునే నిర్ణయం మన వంటింటి దాకా వస్తుంది. ఆ నిర్ణయానికి ముందు ఎవరు వచ్చి మాట్లాడారో తెలుసుకునే హక్కు మనకు లేదా?

మనింట్లో పెళ్లయితే నూటపదహార్లు చదివించినవారి పేరు కూడా పుస్తకంలో రాసుకుంటాం. గుట్టేమీ లేదు, అందరి ముందే రాస్తాం. ఇంత పెద్ద దేశాన్ని నడిపే ఇంట్లో మాత్రం, వచ్చిపోయేవారి పేర్లు రాసే పుస్తకం ఒక్కటీ లేదు!